గట్టులో నా రాయి

మా నాన్న బడిపంతులు. లోకంలో సగం పనులు తోపుతోనే నడుస్తాయని ఆయన చెప్పేవాడు. తలుపు తోస్తే తెరుచుకుంటుంది, పడవ తోస్తే నీళ్ళలోకి దిగుతుంది, తిరగలి పిడి తోస్తే పిండి రాలుతుంది, ఉయ్యాల తోస్తే బిడ్డ నిద్రపోతుంది. పిల్లల్ని తోస్తే బడికి వస్తారని కూడా అనేవాడు గాని, ఆ చివరిది అరకు కొండల్లో ఆయనకు కలిసిరాలేదు. అక్కడి పిల్లలు తోస్తే రారు, పిలిస్తే వస్తారు.

పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. శృంగవరపుకోట దగ్గర మాది చిన్న పల్లె. అమ్మ నా అయిదో ఏట పోయింది. కొండ మీద కొత్తగా పెట్టిన బడిలో నాన్నకు పని దొరికితే, నన్ను ఎవరి పంచనా వదలడం ఇష్టం లేక వెంటబెట్టుకుని ఘాటీ ఎక్కాడు. వంట ఆయనే, నా తలస్నానం ఆయనే, నా జడా ఆయనే. ఆ జడ ఎప్పుడూ ఒక చెవి వైపు ఒరిగి ఉండేది. జ్వరం వస్తే రాత్రంతా నా అరికాళ్ళు రాస్తూ కూర్చునేవాడు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాతి సంగతి విని ఆయన్ని దుర్మార్గుడనుకునే వాళ్ళుంటారు. దుర్మార్గుడైతే నాకింత బాధ ఉండేదే కాదు.

బడి అంటే నాలుగు గుంజలు, పైన గడ్డి, చుట్టూ మట్టి మెత్తిన తడిక గోడ. పదిమంది పిల్లలం. ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, నా ఈడుదే ఒక కొండరైతు కూతురూ. నాకు తోడు ఉంటుందని నాన్న అడిగితే వాళ్ళయ్య పంపించాడు. నేను దానికి అక్షరాలు నేర్పాను. అది నాకు చెట్టెక్కడం, జారుడు రాళ్ళ మీద పడకుండా నడవడం నేర్పింది. రోజూ బడికి ముందు, వాళ్ళు గెడ్డ అని పిలిచే కొండవాగు దగ్గర కూర్చోబెట్టి నా జడ విప్పేది.

"మీ అయ్య ఏసేడేటి ఇది? ఎలకతోకలాగుంది," అని నవ్వుతూ మళ్ళీ అల్లేది. ఆ నవ్వు నాన్న చెవిన పడేది కూడాను. ఆయనా నవ్వేవాడు.

ఒకరోజు పాఠంలో నాన్న, "మీరు గోడను తోస్తే గోడ కూడా మిమ్మల్ని అంతే బలంగా తోస్తుంది. నమ్మకం లేకపోతే తోసి చూడండి," అన్నాడు. పదిమందిమీ లేచి ఒక్కసారిగా తోశాం. గోడకి పాఠం రాదు కాబోలు, మమ్మల్ని తొయ్యకుండా బయటికి పడిపోయింది. నాన్న ముందు బిత్తరపోయి, తరవాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "తప్పు మీది కాదర్రా, తొయ్యమన్నది నేను," అని పంచె ఎగగట్టి, ఆ సాయంత్రమే మట్టి తొక్కి, తడిక నిలబెట్టి, తన చేత్తోనే గోడంతా మెత్తాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నా స్నేహితురాలి తండ్రి నాగలి భుజాన పెట్టుకుని కాసేపు నిలబడి, "పంతులు బాబు సెయ్యెట్టేడు," అన్నాడు పక్కవాడితో. మెచ్చుకుంటున్నాడని మాత్రం మాకు తెలిసింది. ఆ మాట బరువు తెలియలేదు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాక నాన్న ఇంకో పాఠం చెప్పాడు. బడి ముందు నలుగురు మగవాళ్ళు కదపలేని రాయి ఒకటుండేది. నాన్న తన కొలత కర్ర తెచ్చాడు. జానెడుకో వాత పెట్టిన గట్టి వెదురు అది. రాతి కిందికి కర్ర కొన దోపి, దన్నుగా ఓ చిన్న రాయి పెట్టి, రెండో కొన మీద నన్నూ నా స్నేహితురాలినీ వేలాడమన్నాడు. రాయి లేచి పక్కకు దొర్లింది. "బలం కాదర్రా కావలసింది, చోటు తెలియాలి," అన్నాడు నాన్న. ఆ ఒక్క ముక్కతో మా ఇద్దరికీ కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ మర్నాడు బడి లేదు. నాన్న నన్ను ఇంట్లో లెక్కలు చేసుకోమని, తను ఊళ్ళో పనుందని వెళ్ళాడు. నేను కొలత కర్ర తీసుకుని గెడ్డ దగ్గరికి పరిగెత్తాను. ఇది నేనే తీశాను, ఆలోచన నాదే, ఈ వయసులో దాచి ఏం బావుకుంటాను? గెడ్డ పైన వాలులో ఎద్దు మూపురమంత బండ ఒకటుంది. దాన్ని గెడ్డలోకి దొర్లిస్తే నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో చూడాలని నా సరదా. కొండపిల్లలందరూ రాళ్ళు దొర్లిస్తారు గాని, వానాకాలంలో మాత్రం పెద్దలు ఒప్పుకోరు. నేల మెత్తబడి ఉంటుంది, రాయి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఇప్పుడొద్దే. మా అయ్య సంపేస్తాడు," అంది నా స్నేహితురాలు.

"చోటు నాకు తెలుసు," అన్నాను నేను.

చోటు నేను చూశాను, దన్ను రాయి నేను పెట్టాను, కర్ర మీద ఇద్దరం వేలాడాం. బండ కదిలింది. పదడుగులు తిన్నగా పోయి, ఒక మోడుకి తగిలి, పక్కకు తిరిగింది. ఆ పక్కన మెట్లుమెట్లుగా మడులున్నాయి. అన్నిటికన్నా పైది ఒక ముసలమ్మ ఆకుమడి. ఏడాది నాట్లకి కావలసిన వరినారంతా అందులోనే ఉంది. బండ వెళ్ళి ఆ మడి రాతిగట్టును పొడిచింది.

గట్టు విరిగిన చప్పుడు పెద్దది కాదు. ఆ తరవాత నీళ్ళ చప్పుడే పెద్దది. మడిలోని నీళ్ళన్నీ గండి వైపు తోసుకొచ్చి, లేత నారును వేళ్ళతో సహా లాక్కుపోయాయి. తల మీద ఆకుల గిడుగు పెట్టుకుని ముసలమ్మ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. మిగిలిన నాలుగు మొక్కలైనా దక్కుతాయని గండిలోకి దిగి, నీళ్ళకు వీపు ఆనించి, కాళ్ళు రాళ్ళకు తన్నిపెట్టి కూర్చుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ ఎలుకను నేను ఆ రోజు కళ్ళారా చూశాను.

నా స్నేహితురాలు పరిగెత్తి వెళ్ళి ముసలమ్మ పక్కన తనూ గండిలో కూర్చుంది. అక్కణ్ణించే నన్ను పిలిచింది.

"బేగెల్లి మీ అయ్యకి సెప్పు. రేపు మా అయ్య సెయ్యెడతాడు, మీ అయ్య సెయ్యెడతాడు. బయం నేదు."

దారిలో ఎదురైన వాళ్ళని ముసలమ్మ దగ్గరికి పంపి, నేను ఇల్లు చేరాను. చెయ్యి పెట్టడం అంటే ఏమిటో అది నాకు అంతకు ముందే చెప్పి ఉంది. ఆ ఊళ్ళో పిల్లలు ఏదైనా పాడుచేస్తే పిల్లల్ని అడగరు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనం ఊరికే అంటాం, వాళ్ళు దాన్ని ఆచరిస్తారు. పాడైనదాని దగ్గర అందరూ చేరితే, వాళ్ళు నాయుడని పిలిచే ఊరిపెద్ద, ఇది ఎవరి చెయ్యి అని అడుగుతాడు. ఆ పిల్ల ఇంటిపెద్ద ముందుకొచ్చి, పాడైనదాని మీద చెయ్యి పెట్టి, నా చెయ్యే అంటాడు. ఆ క్షణం నుంచి ఆ పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. చెయ్యి పెట్టిన ఇల్లు జరిగిన నష్టాన్ని పూడుస్తుంది. పూడ్చేటప్పుడు పిల్ల తను మొయ్యగలిగిన రాయి ఒకటి తెచ్చి అందులో పెడుతుంది. దాంతో ఆ సంగతి ముగిసిపోతుంది.

ఏడుస్తూ నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. కర్ర నేనే తీశానని, ఆలోచన నాదేనని, రేపు ఆయన గట్టు మీద చెయ్యి పెట్టాలని చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరైనా చూశారా?" అని. నాకు అప్పుడు ఆ మాటలో ఏమీ వినిపించలేదు. తరవాత నా తల తుడిచి, ఉడుకునీళ్ళు పోసి, బెల్లం ముక్క పెట్టాడు.

"నేనున్నాను కదా. రేపు నేను చూసుకుంటాను," అన్నాడు.

ఆ మాట విని నేను హాయిగా నిద్రపోయాను. పడిపోయిన గోడకే చెయ్యి పెట్టినవాడు, కన్నకూతురికి పెట్టడా?

పొద్దున్న నాన్న చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి నడిచాను. తప్పు చేసిన పిల్లలా నడవలేదు, పెళ్ళికి వెళుతున్నట్టు నడిచాను. ఊరు ఊరంతా ఉంది. ముసలమ్మ ఒక రాతి మీద కూర్చుని ఉంది. నా స్నేహితురాలు తండ్రి వెనక నిలబడి, నన్ను చూసి చిన్నగా తల ఊపింది.

"ఇది ఎవల సెయ్యి?" అన్నాడు నాయుడు.

నేను నాన్న ముఖంలోకి చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నిన్న పొద్దుటి నుంచీ మా అమ్మాయి ఇల్లు కదలలేదు. నేనే పక్కన కూర్చోబెట్టి లెక్కలు చేయించాను," అన్నాడు.

నన్ను ఎవరూ అడగలేదు, ఆయన్నీ ఎవరూ నా గురించి అడగలేదు. ఇంతలో ఒకతను బురదలోంచి కొలత కర్ర తీసి నాయుడి ముందు పెట్టాడు. నాన్న దాన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలోనైనా ఆయన వెనక్కి తిరగవచ్చు.

"ఇది బడి కర్ర. ఈ గుంట బడికొచ్చేదే కదా. చెప్పకుండా పట్టుకొచ్చి ఉంటుంది," అన్నాడు నా స్నేహితురాలిని చూపిస్తూ.

నన్ను పట్టుకున్న ఆయన చెయ్యి అప్పుడు బిగుసుకుంది. ఓదార్చడానికి కాదు, నోరెత్తవద్దని. నా స్నేహితురాలు నా వైపు చూసింది. కోపంగా చూడలేదు, నేను ఇప్పుడు మాట్లాడతానని చూసింది. నేను మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళదాన్ని, నాన్నంటే ప్రాణం, చెయ్యి నొప్పెడుతోంది, ఇలా ఎన్నయినా చెప్పుకోవచ్చు. నేను మాత్రం మాట్లాడలేదు. నాన్న నన్ను మోసం చేశాడు, నేను దాన్ని మోసం చేశాను. రెండూ ఒక్క నిమిషంలోనే అయిపోయాయి.

దాని తండ్రి ముందుకొచ్చాడు. విరిగిన రాళ్ళ దగ్గర వంగి అరచెయ్యి ఆనించాడు.

"నా సెయ్యే," అన్నాడు.

"ఎంతమందికి?" అన్నాడు నాయుడు. ఎంతమంది పిల్లల తరఫున అని అడగడమూ వాళ్ళ ఆచారమే.

అతను నాన్న వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. రాతి మీంచి చెయ్యి తియ్యకుండా చెప్పాడు.

"ఇద్దరికి."

నాన్న ముఖం కంది, మళ్ళీ తెల్లబడింది. నన్ను గబగబా ఇంటికి లాక్కొచ్చి తలుపు వేశాడు. వచ్చే వారం పైఅధికారి బడి చూడడానికి వస్తున్నాడని, పంతులు కూతురు పంట పాడుచేసిందని తెలిస్తే ఉద్యోగం పోతుందని, తన తాత ఎప్పుడో ఒక కాగితం మీద వేలిముద్ర వేసి ఇల్లే పోగొట్టుకున్నాడని చెప్పాడు. నలుగురిలో చెయ్యి పెట్టడమంటే ఆయనకు ఆ వేలిముద్రే కనిపించిందట.

"ఇదంతా నీ కోసమే," అన్నాడు చివరికి.

ఆ రోజు మొదలు ఈ నాటి దాకా, నీ కోసమే అని ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

"మరి గోడకి పెట్టేవు కదా?" అన్నాను.

"అది మన గోడ," అన్నాడు నాన్న.

గట్టు కట్టిన రోజు నాకు జ్వరమని కబురు పంపాడు. నా ఒళ్ళు చల్లగా ఉంది, నుదుటికి తడిగుడ్డ మాత్రం కట్టించుకున్నాను. దాని రాయి అది పెట్టిందట. నా రాయికని వాళ్ళయ్య గట్టులో ఒక ఖాళీ వదిలాడట. నీళ్ళు కారిపోకుండా దానికి మట్టిపెళ్ళ అడ్డం పెట్టారని బడిలో పిల్లలు చెప్పారు. ముసలమ్మకు పోయిన నారు బదులు తన నారంతా ఇచ్చేశాడట. అతని మడులు ఆ ఏడు నాటు లేకుండా పడి ఉన్నాయి.

కొన్నాళ్ళకు నాయుడు బడి ముందు ఆగాడు. నాన్న మర్యాదగా చాప వేశాడు. నాయుడు కూర్చోలేదు.

"మీకు మడి నేదు గదా బాబూ. మడి నేనోడు సెయ్యెడితే ఊరందరం తలో కట్టా ఆకు ఎయ్యాల, అది మా కట్టుబాటు. ముసిల్దానికి ఆకు ఒచ్చీసును. ఆకిచ్చినోడి మడి ఆడికుండును. మీరు సెయ్యెట్టడమే కావాల," అన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు మన వైపు. అక్కడ దాన్ని నారుకట్టలతో పంచుకుంటారు.

"ఆ సంగతి ముందే చెప్పవచ్చు కదా," అన్నాడు నాన్న.

"గోడకి మెత్తేరు గదా. మీకు తెలుసుననుకున్నాం," అని నాయుడు వెళ్ళిపోయాడు.

పైఅధికారి వచ్చాడు, బాగుందని రాసి పోయాడు. నా స్నేహితురాలు మళ్ళీ బడికి రాలేదు. ఊళ్ళో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, నా తరఫున చెయ్యి పెట్టినవాడు ఒకడున్నాడు కనక. తిట్టినా బాగుండేది. ఏడాది పొడుగునా, రేపు వెళ్ళి నా రాయి పెడతాను అనుకున్నాను. నాన్న ఆ గట్టు వైపు వెళ్ళవద్దన్నాడు. చెప్పిన మాట వినే బుద్ధి నాకు సరిగ్గా ఆ ఏడాదే పుట్టుకొచ్చింది. వంకర జడతోనే బడికి వెళ్ళేదాన్ని.

వేసవి చివరికి వాళ్ళింట్లో గింజ నిండుకుంది. చేదు విరగడానికి మామిడి టెంకల పప్పు బుట్టల్లో పోసి గెడ్డలో నానబెట్టారు. దాంతో కాచిన అంబలే రెండు పూటలా. నాన్న తువ్వాలులో బియ్యం కట్టి నాతో పంపాడు. వాళ్ళమ్మ తీసుకుంది, వాటితోనే అన్నం వండి, "కూకో, తిను," అని ముందు నాకే పెట్టింది. నా స్నేహితురాలు అడవికి పోయి ఉంది. ఆ ముద్ద ఎలా మింగానో నాకే తెలియదు.

మళ్ళీ ఆషాఢానికి నాన్న బదిలీ చేయించుకున్నాడు. సామాను వేసిన ఎద్దుబండి సరిగ్గా ఆ మడుల కింది దారిలోనే ఇరుసు దాకా దిగబడింది. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. పొలాల్లోంచి నలుగురు దిగి వచ్చారు. అందులో నా స్నేహితురాలి తండ్రి ఒకడు. చక్రానికి భుజం ఆనించి, పక్కకి తిరిగి, "ఓ సెయ్యెయ్యండి బాబూ," అన్నాడు నాన్నతో. ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు, బండి కదలాలి కనక అన్నాడు. నాన్న పంచె ఎగగట్టి, అతని పక్కన రెండు చేతులూ వేసి తోశాడు. బండి మనది కదా.

నాకు ఒళ్ళు తెలియలేదు. దారి పక్కన ఒక రాయి ఎత్తుకున్నాను. పొట్టకు ఆనించుకుని, రెండుసార్లు జారి పడి, పైమడి గట్టెక్కాను. నా స్నేహితురాలు అక్కడ నారు పీకుతోంది. ఏడాదిలో నా కన్నా జానెడు పొడుగెదిగింది. నేను ఖాళీ కోసం గట్టంతా వెతికాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా రాళ్ళు బిర్రుగా ఉన్నాయి.

"నా రాయి ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

అది నారుకట్ట కింద పెట్టి, బురద చేతులు కడుక్కుని వచ్చింది. ఒక చోట కాలి బొటనవేలితో చూపించింది.

"ఈడే ఉండీది. నీది కూడా నానే ఎట్టీసేను. ఎన్నాల్లని సూస్తాం? నీరు ఆగదు గదా."

దాని గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. కింద బండి కదిలిన అరుపు, నాన్న నన్ను పిలిచిన పిలుపు వినిపించాయి.

"ఎల్లు. మీ అయ్య పిలస్తన్నాడు," అంది. వంగి మళ్ళీ కట్ట ఎత్తుకుంది.

ఆ రాయి ఒళ్ళో పెట్టుకునే ఘాటీ దిగాను. పారెయ్యమన్నాడు నాన్న ఒకసారి. నేను వినలేదు. ఆయన ఎదుటే ఆయన మాట కాదనడం నాకదే మొదటిసారి, ఏడాది ఆలస్యంగా.

ఇప్పటికీ అది మా ఇంట్లో ఉంది. సముద్రపు గాలికి వీధి తలుపు ఊరికే తోసుకొచ్చి కొట్టుకుంటుంది, దానికి అడ్డం పెడతాను. నాన్న పెద్దవాడై నా దగ్గరే పదేళ్ళు ఉన్నాడు. చూపు ఆనక ఆ రాయి ఆయన కాలికి తగలని రోజు లేదు. ప్రతిసారీ వేలు పట్టుకుని కూర్చునేవాడు. నేను వెళ్ళి పసుపు అద్దేదాన్ని. ఈ రాయి ఎందుకమ్మా, తీసెయ్యమని ఒక్కసారీ అనలేదు. ఎక్కడిదని కూడా అడగలేదు.